అల్మెండ్రోస్ స్టేషన్ ఆకుపచ్చ పట్టీ

రొసారియో, 9 మార్చి 1986

అక్కా,

నిలబడి ఉంటే కూర్చో, కూర్చుని ఉంటే లేచి నిలబడు. నీ తమ్ముడి చేతి అక్షరాలు బ్యూనోస్ ఐరిస్‌లో భూమి కిందికి దిగబోతున్నాయి.

మా ఎనామెల్ కార్ఖానాకి మీ ఊళ్ళోని పాత సబ్‌వే రైలు లైను బోర్డుల పని వచ్చింది. లైనులోని స్టేషన్లన్నిటికీ. నీలం రంగు రేకు మీద తెల్లని అక్షరాలు, ఇంతెత్తున. గోడ పొడుగునా ఒకే పట్టీలాగా, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా స్టేషన్ పేరే మళ్ళీ మళ్ళీ. రేకు మీద పొడి చల్లి బట్టీలో పెట్టడం, ఎర్రగా కాలాక బయటికి తీయడం, చల్లారుతుంటే రంగు మెల్లగా నీలంలోకి తిరగడం చూస్తే నీకు మతిపోతుంది. మిగతా స్టేషన్లు కుర్రవాళ్ళకి వదిలేశాను. మన అల్మెండ్రోస్ బోర్డులు మాత్రం ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు. "ఏంట్రా, అది నీ పెళ్ళి శుభలేఖా?" అని యజమాని వేళాకోళం చేశాడు. "అంతకంటే ఎక్కువే" అన్నాను.

స్టేషన్ కట్టేటప్పుడు నాన్న ఆ గోడకి పింగాణీ పలకలు అంటించాడు. ఇప్పుడు కొడుకు దాని మీద పేరు రాస్తున్నాడు. ఈ మాట ఫిలొమేనత్తకి తప్పకుండా చెప్పు. ఆవిడ పేపర్ల బడ్డీ ఆ గోడ కిందే కదా, అందరికంటే ముందు చూసేది ఆవిడే. ఏ అక్షరం బాగా కుదిరిందో అడిగి రాయి. నాకైతే "ఆర్" కాలు కొంచెం సాగదీసి ముద్దుగా పెట్టాననిపిస్తోంది. ఆవిడ కనిపెడుతుందేమో చూద్దాం.

నీ రూబెన్


బ్యూనోస్ ఐరిస్, 13 ఏప్రిల్

ఒరేయ్ రూబెన్,

బోర్డులు బిగించారు. మందుల షాపు మూయగానే పరుగెత్తుకెళ్ళి చూశాను. అద్దంలా మెరుస్తున్నాయి. ప్లాట్‌ఫారం మీద ఒకాయన "ఇప్పటికైనా ఈ నేలమాళిగలో ఒక కొత్త వస్తువు పెట్టారు" అన్నాడు. "అది మా తమ్ముడి పని" అని చెప్పాను. ఆయన అడగలేదనుకో.

మన స్టేషన్ నీకు గుర్తుందో లేదో. ఆ తెల్ల పలకలు, ఆకుల తలలున్న ఇనుప స్తంభాలు, టికెట్ కిటికీకి చెక్క చట్రం, అన్నీ అలాగే ఉన్నాయి. నీ బోర్డులు గోడ పైభాగాన, పాత రంగు పట్టీ ఉండేచోట, దాని మీదే బిగించారు. పాత పేరు చిన్న నల్ల అక్షరాల్లో ఉండేది కదా, అది కూడా లోపలికి పోయింది. మసిపట్టి ఎవరికీ కనపడేది కాదులే.

అత్తని అడిగాను. తలెత్తి చూసి "బాగా మెరుస్తోంది" అంది. ఏ అక్షరం బాగుందంటే "అన్నీ బాగున్నాయి" అంది. ఆర్ సంగతి అడిగితే పేపర్ల కట్టకి తాడు విప్పుతూ "నీకు పనీపాటా లేదా?" అని కసిరింది. ఎందుకో కోపంగా ఉంది. ఈ మధ్య నడుం నొప్పి కూడా ఎక్కువైంది.

మా మరదలు ఎస్తేర్‌ని అడిగానని చెప్పు. నువ్వు పంపిన క్విన్సు పండ్ల జెల్లీ అయిపోయింది. ఇది అడుక్కోవడం కాదు, సమాచారం.

డెల్ఫీనా


రొసారియో, 27 ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బట్టీ దగ్గర కుర్రాళ్ళందరినీ కసురుతూనే ఉన్నాను.

నడుం నొప్పి కాదది. నాకు తెలుసు. అమ్మ పోయాక మనిద్దరినీ పెంచింది ఆవిడ. నాన్నతో పాటు నేనూ పలకల పని పట్టాలని ఆవిడ కోరిక. నేను రొసారియో వచ్చి రేకుల పనిలో చేరాను. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. నా రేకు తీసుకెళ్ళి సరిగ్గా నాన్న పలకల మీదే కొట్టారు కదా, ఇంకేముంది. "బాగా మెరుస్తోంది" అట! చెంచా కూడా మెరుస్తుంది.

ఆవిడ మెచ్చుకోకపోయినా ఫరవాలేదని చెప్పు. కాదు, ఏమీ చెప్పకు.

రూబెన్

జెల్లీ పంపిస్తున్నాను. మూడోవంతు ఆవిడకివ్వు, నేను పంపానని చెప్పకు.


బ్యూనోస్ ఐరిస్, 25 మే

రూబెన్,

ఎలా రాయాలో తెలియడం లేదు. అత్త తప్పిపోయింది.

దొరికిందిలే, భయపడకు. గురువారం నాన్న సమాధి దగ్గరికి పూలు తీసుకుని వెళ్ళింది, ఎప్పుడూ వెళ్ళినట్టే. తిరుగు రైల్లో మన స్టేషన్ దగ్గర దిగలేదు. రైలు చివరి స్టేషన్ దాకా పోయింది. అక్కడ బెంచీ మీద కూర్చుని ఉంటే గార్డు చూసి "ఎక్కడికెళ్ళాలమ్మా?" అన్నాడట. "నాకు తెలుసులే, నువ్వు పోవయ్యా" అందట. మళ్ళీ ఎదురు రైలెక్కింది. ఈసారి మనది దాటి నదివైపు చివరికి పోయింది. నేను షాపు నుంచి ఇంటికొచ్చేసరికి గార్డు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ చెయ్యి విదిలించుకున్న తీరు చూడాలి!

"ఏమైందత్తా?" అంటే "కునుకు పట్టింది" అంది. సరే అనుకున్నాను. నిన్న మళ్ళీ అదే జరిగింది. ఈసారి మనకంటే ముందు స్టేషన్లో దిగిపోయి, అక్కడి పేపర్ల బడ్డీ తలుపు తాళం తీయబోయిందట! బడ్డీవాడు కేకలేశాడు. అరవై ఏళ్ళుగా తిరుగుతున్న లైను, రూబెన్. అన్ని స్టేషన్లూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయన్నది నిజమే, కానీ సొంత స్టేషన్ తెలియకపోవడమేమిటి?

రాత్రంతా ఆవిడ వంటింట్లో మాతే టీ కాచుకుంటూ కూర్చుంది. నేను లేచి వెళ్తే దీపం ఆర్పేసింది.

డెల్ఫీనా


రొసారియో, 8 జూన్

అక్కా,

ఆవిడ మీద రాసిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అప్పుడే జబ్బు మొదలైందన్నమాట. అందుకే నా అక్షరాల సంగతి పట్టలేదు. ఎస్తేర్ వాళ్ళ పెదనాన్నకీ ఇలాగే మొదలైంది. ముందు దారి మరిచిపోయాడు, తరవాత మనుషుల్ని.

ఆవిడని ఒంటరిగా రైలెక్కనివ్వకు. డాక్టరుకి చూపించు. బడ్డీ మూసేయాల్సిందే. మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది, ఎండ బాగా వస్తుంది. ఇందులో ఒక చీటీ మడిచి పెట్టాను. అది అత్తకి. నువ్వు చదవొద్దు, చదివి వినిపించొద్దు. ఆవిడ పరువుగల మనిషి, తనే ఒంటరిగా చదువుకుని జవాబు చెప్పనీ.

రూబెన్


బ్యూనోస్ ఐరిస్, 1 జూలై

ఒరేయ్ తమ్ముడూ,

ఊరంతా ఇంకా అరుస్తూనే ఉంది. మనం ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గెలిచిన మరునాడు అత్త బడ్డీలో తెల్లారేసరికి ఒక్క పేపరు మిగల్లేదు. కట్టలు విప్పకుండానే లాక్కుపోయారు. మెడ చుట్టూ జెండా కట్టుకుని "తోసుకోకండి వెధవల్లారా, మీరేమీ ఆడలేదు, పదకొండు మంది ఆడారు" అని అరుస్తోంది. ఆవిడకి మతి పోతోందని ఆ ఉదయం ఎవరైనా అని ఉంటే నేను కొట్టేదాన్ని.

నీ చీటీ ఇచ్చాను. ఏప్రన్ జేబులో పెట్టుకుంది. మూడు రోజులయ్యాక "జవాబు ఏం రాయమంటావత్తా?" అనడిగాను. కాసేపు ఆలోచించి "చాలా సంతోషం, అలాగే కానివ్వమని రాయి" అంది. నువ్వేం రాశావో నాకు తెలీదు. అదీ జవాబు.

డెల్ఫీనా


రొసారియో, 7 జూలై

అక్కా,

అలాగే అందా! ఎస్తేర్ ఏడ్చేసింది. గదికి రంగు వేయించాను, కొత్త మంచం కొన్నాను. వచ్చే ఆదివారం కార్ఖానా ట్రక్కు అడిగి తెస్తున్నాను. బడ్డీ సామాను కట్టి ఉంచమను.

రూబెన్


బ్యూనోస్ ఐరిస్, 20 జూలై

రూబెన్,

నువ్వు ట్రక్కు తలుపు అంత గట్టిగా వేసుకుని వెళ్ళకుండా ఉండాల్సింది. వీధిలో అందరూ చూశారు. నీ తప్పని అనడం లేదు. కప్పు పాలు కూడా తాగనివ్వకుండా "ఎవర్రా నిన్ను రమ్మన్నది? ఎవడి బడ్డీ ఎవడు మూస్తాడు?" అని ఆవిడ నీ మీద పడితే ఎవరికైనా కోపం వస్తుంది. "నువ్వే కదా అలాగే అన్నావు!" అని నువ్వన్నావు. ఆవిడ మొహం అప్పుడు ఎలా అయిపోయిందో నువ్వు చూడలేదు. నేను చూశాను. ఆ చీటీలో ఏముందో ఆవిడకి తెలియదని అప్పుడే నాకు అనుమానం వచ్చింది. కానీ మతిమరుపనే అనుకున్నాను.

ఇప్పుడు రాసేది నెమ్మదిగా చదువు.

బుధవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కాగితం మీద ఏవో మాటలు రాసి చదవమన్నాడు. కళ్ళజోడు మరిచిపోయానంది. ఆయన తన కళ్ళజోడు ఇచ్చాడు. పెట్టుకుంది, కాగితం వైపు చూసింది, లేచి కోటు తొడుక్కుంది. "నాకు చలేస్తోంది, పోదాం పద" అంది. డాక్టరు నా వైపు చూసి తల ఊపాడు.

తిరుగు రైల్లో ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నాం. ఒక స్టేషన్ వచ్చింది, పోయింది. ఇంకొకటి. అత్త కిటికీ అద్దానికి నుదురు ఆనించి గోడలు చూస్తోంది.

"ఇదేది?" అంది.

నాకు అప్పటికే విసుగ్గా ఉంది. "అంత పెద్ద అక్షరాలున్నాయి కదత్తా, చదువు."

"అక్షరాలు నాకు రావే."

రైలు చప్పుడులో సరిగ్గా వినపడలేదనుకున్నాను. ఆవిడ నా వైపు తిరగలేదు. అద్దం వైపే చూస్తూ చెప్పింది.

"మతిపోయింది నాకు కాదు, గోడకి. ముందు ఎర్రమట్టి రంగు వచ్చేది. తరవాత పసుపు. తరవాత ఊదా. ఆ తరవాత మన ఆకుపచ్చ. కునుకు తీసినా ఫరవాలేదు, కళ్ళు తెరిచి రంగు చూస్తే చాలు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఒకటే నీలం. ఎక్కడ దిగమంటావు?"

"మరి పేపర్లు? ఇన్నేళ్ళు పేపర్లు అమ్మావు కదా!"

"పేపరుకీ తల ఉంటుంది. ఒకదాని తల లావు, ఒకదానిది సన్నం, ఒకదానికి పక్కన దీపం బొమ్మ. ఎవడికి ఏది కావాలో వాడి మొహం చెబుతుంది. చదవడం కొనేవాడి పని, నాది కాదు."

ఎందుకు చెప్పలేదని అడిగాను. అప్పుడు చెప్పింది. సొంత దేశం వదిలి వచ్చి ఓడ దిగిన రోజు నాన్న రేవుకి వెళ్ళి ఆవిడని ఈ రైల్లోనే తీసుకొచ్చాడట. "చెల్లీ, ఈ పేర్లేవీ నువ్వు చదవక్కర్లేదు. మనలాంటి వాళ్ళు వస్తారని తెలిసే ప్రతి స్టేషన్‌కీ ఒక రంగు పెట్టారు. ఈ ఆకుపచ్చ నేను అంటించాను. ఇది కనిపిస్తే ఇల్లు వచ్చినట్టు" అన్నాడట. ఆ తరవాత ఆవిడకి ఎవరినీ ఏదీ అడగాల్సిన అవసరం రాలేదు. మన బడి పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చునేది, గుర్తుందా? మనం తప్పు చదివితే మొట్టేది. మన గొంతు తడబడితే తప్పు చదువుతున్నామని తెలిసేదట!

నీ బోర్డుల గురించి ఏమందో కూడా విను. "వాడు ఏ అక్షరం బాగుందని అడిగితే ఏం చెప్పను? వాడి పనికి నేను గుడ్డిదాన్నని చెప్పనా?" అంది. కోపం కాదు రూబెన్. సిగ్గు.

మేమిద్దరం మాటల్లో పడి మన స్టేషన్ దాటిపోయాం. ఈసారి తప్పు నాది.

డెల్ఫీనా


రొసారియో, 24 ఆగస్టు

అక్కా,

అత్త కళ్ళకి గంతలు కట్టింది నేనే. అదీ గర్వపడుతూ, ఆర్‌కి కాలు సాగదీసి మరీ. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదవగలుగుతున్నందుకు సిగ్గేసింది.

ఉత్తరం అందిన మరునాడే యజమాని దగ్గరికి వెళ్ళాను. "బిల్లు అయిపోయింది, ఇప్పుడు నాతో ఏం పని?" అన్నాడు. సబ్‌వే ఆఫీసుకి నేనే రాశాను. బోర్డులు తీయనక్కర్లేదు, ఒక జానెడు కిందికి దింపితే రంగు పట్టీ బయటికి వస్తుంది, కొలతలు ఇవిగో అని గీసి పంపాను. జవాబు వచ్చింది. బోర్డులు ప్రణాళిక ప్రకారమే ఉన్నాయట, ప్రయాణికుల నుంచి ఫిర్యాదులేవీ లేవట. చదవలేనివాళ్ళు ఫిర్యాదు రాయలేదట, అర్థమైందా! మళ్ళీ రాశాను. ఈసారి మర్యాద కొంచెం తగ్గించాను. ఎవరో ఇంజనీరుని చూడటానికి పంపుతామన్నారు.

అత్తని ఇందులోకి లాగకు. ఆవిడ గుట్టు మనింట్లోనే ఉండనీ. ఆవిడ చేతులు ముద్దుపెట్టుకున్నానని చెప్పు. వద్దన్నా సరే.

రూబెన్


బ్యూనోస్ ఐరిస్, 14 సెప్టెంబర్

నా బంగారు తమ్ముడూ,

ఆవిడని లాగొద్దన్నావు. ఆవిడని ఆపగలిగేవాడు ఈ ఊళ్ళో పుట్టలేదు.

ఇంజనీరు లార్రాల్దే శుక్రవారం సాయంత్రం వచ్చాడు, జనం కిటకిటలాడే వేళ. మంచి మనిషే, గొడుగూ టోపీతో. నేను పక్కనే నిలబడి నువ్వు చెప్పినట్టే కొలతలూ జానెడూ వివరించాను. ఆయన వినయంగా నవ్వాడు. "అమ్మా, ఇంత పెద్ద అక్షరాలు ఈ దేశంలో ఏ స్టేషన్లోనూ లేవు. ఇంతకంటే స్పష్టంగా ఎవరికి కావాలి?"

"నాకు."

బడ్డీ వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. అత్త పక్క తలుపు తోసుకుని బయటికొచ్చింది. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. ప్రపంచ కప్పు గెలిచిన మరునాడు అరిచిందని రాశాను చూడు, అదే గొంతుతో అంది:

"నాకు చదువు రాదయ్యా. ఈ పేపర్లలో ఒక్క ముక్క చదవలేను. అరవై ఏళ్ళు రంగు చూసి దిగాను. ఈ స్టేషన్ కట్టినవాళ్ళు నాకోసం కట్టారు, నాలాంటి వాళ్ళు పడవల కొద్దీ వస్తుంటే వాళ్ళకోసం కట్టారు. నీకు అక్షరాలున్నాయి, నువ్వు ఎక్కడైనా దిగగలవు. నా గోడ నాకు ఇయ్యి."

ఇన్నేళ్ళూ ఇంట్లో నాకు కూడా చెప్పని మాట వందమంది ముందు చెప్పింది, రూబెన్, చీపురు పట్టుకున్నంత తేలిగ్గా.

అప్పుడు చెప్పులు కుట్టే ఆనిబల్ టోపీ తీశాడు. రోజూ పెద్ద పేపరు కొని చంకలో పెట్టుకుని తిరుగుతాడే, ఆయన. "ఫిలొమేనమ్మా, నాకూ రాదు. మీరు ఏమనుకుంటారోనని కొంటున్నాను" అన్నాడు.

అత్త ఆయన్ని ఎగాదిగా చూసింది. "నాకు తెలీదనుకున్నావా? పేపరు తలకిందులుగా పట్టుకుంటావు, ఫుట్‌బాల్ ఆటగాడు నెత్తి మీద నడుస్తుంటాడు!"

ప్లాట్‌ఫారం గొల్లుమంది. ఆ నవ్వులోనే ఇంకో ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారు. ఉత్తరపు పల్లెల నుంచి వచ్చి పనిమనిషిగా చేసే ఒకావిడ, ఆసుపత్రికి వచ్చి రెండుసార్లు తప్పిపోయిన ఒక ముసలాయన, కళ్ళు సరిగ్గా ఆనని ఒక మేడమ్, ఆవిడేమో టీచరట!

ఇంజనీరు గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "అయితే బోర్డులు పీకేయమంటారా?" అన్నాడు.

"నీకేమైనా పిచ్చా?" అంది అత్త. "అవి చేసింది మా మేనల్లుడు. ఆ మెరుపు చూడు, ఎక్కడైనా వంక ఉందా? పీకితే ఊరుకోను. కొంచెం కిందికి దింపు, చాలు."

దింపడానికి ఒప్పుకున్నాడు, మన స్టేషన్‌తో మొదలుపెట్టి లైనంతా. చిక్కల్లా ఒకటే. బోల్టులు దిగిన చోట పాత ఆకుపచ్చ పలకలు పగిలిపోయాయి. అలాంటివి ఇప్పుడు ఎక్కడా చేయరట. "చేస్తారు" అని అత్త చెప్పేసింది. నిన్ను అడగకుండానే. ఒక పలక ముక్క ఇందులో పెట్టాను, రంగు చూసుకో.

నీ అక్క, ఇవాళ భూమి మీద నిలవడం లేదు

డెల్ఫీనా


రొసారియో, 19 అక్టోబర్

అక్కా,

రేకు మీద పూత వేరు, మట్టి పలక మీద పూత వేరు. మొదటి వాయి బచ్చలాకులా వచ్చింది. రెండోది సీసా గాజులా. కుర్రాళ్ళు నవ్వారు, యజమాని బట్టీ పాడుచేస్తున్నానని తిట్టాడు. తిట్టి, తనే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఈ వాయి దాదాపు కుదిరింది. ముక్కకి పక్కన పెడితే ఒక వెంట్రుకవాసి పచ్చదనం ఎక్కువ. ఇంతకంటే నావల్ల కాదు. గడ్డిలో చుట్టి పంపుతున్నాను, జాగ్రత్త.

నాన్న ఈ పని చేస్తూ రోజంతా ఈలవేసేవాడు కదా. ఎందుకో నిన్న తెలిసింది.

రూబెన్


బ్యూనోస్ ఐరిస్, 16 నవంబర్

రూబెన్,

ఇది రాస్తున్నది డెల్ఫీనా, చెబుతున్నది నేను. మధ్యలో సొంత కవిత్వం కలపొద్దని దానికి చెప్పాను.

బోర్డులు దించారు. పట్టీ కడిగారు. ఆ మసి కింద అంత రంగుందని నాకే తెలీదు. నువ్వు పంపిన పలకలు గోడ మీద ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసిపోతోంది, మిగతావాటికంటే పచ్చగా ఉన్నాయి. మేస్త్రీ నాలుగేళ్ళు పోతే కలిసిపోతాయన్నాడు. కలవనివ్వొద్దన్నాను. అడిగినవాళ్ళందరికీ వేలుపెట్టి చూపిస్తున్నాను, ఇవి మా రూబెన్‌వి అని. అడగనివాళ్ళకి కూడా చూపిస్తున్నానని డెల్ఫీనా గొణుగుతోంది. దీన్ని కూడా రాయమన్నాను.

నీ అక్షరాలు కూడా చూశాను. ఇన్నాళ్ళూ వాటిని చూడటానికే భయపడ్డాను. డెల్ఫీనా ఆర్ ఎక్కడుందో చూపించింది. కాలు ముందుకు చాపి, రైలు వస్తుందేమోనని తొంగి చూస్తున్న మనిషిలా ఉంది. బాగుంది. చదువు నేర్పిస్తానని ఇది నా వెంట పడుతోంది. వద్దన్నాను. ఆ ఒక్క అక్షరం చాలు నాకు.

ఆనిబల్ ఇప్పుడు పేపరు కొనడం మానేశాడు. ఊరికే వచ్చి నిలబడి కబుర్లు చెబుతాడు. వ్యాపారానికి నష్టమే.

క్రిస్మస్‌కి రెండు రోజులు మీ ఇంటికి వస్తాను. ఉండిపోవడానికి కాదు, ఆ మంచం మెత్తగా ఉందో లేదో చూడటానికి. ట్రక్కూ గిక్కూ పంపొద్దు, స్టేషన్‌కి ఎవరూ ఎదురు రావొద్దు. ఒక్కదాన్నే రైలెక్కుతాను.

మీ ఊరి స్టేషన్ ఏ రంగో మాత్రం రాయి.

ఫిలొమేన